తప్పు కనబడిన తొలి పది నిమిషాలు: ఒక ఫార్మా ల్యాబ్ ఉద్యోగినితో స్వీయ కరుణ మీద చేసిన పని

ఈ కేసు విశాఖపట్నం శివార్లలో, పరవాడ ఫార్మా సిటీలోని ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో సీనియర్ అనలిస్టుగా పనిచేస్తున్న ఒక మహిళది. ఆమె రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతితో, ఆమెనూ ఆమె సంస్థనూ గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను మార్చి రాస్తున్నాను. తమ పట్ల తాము దయగా ఉండే ఉద్యోగులు మెరుగ్గా పనిచేస్తారని చెప్పే రచనలకు ఇప్పుడు కొదవ లేదు. అయితే ఆ దయ పనిచోట సరిగ్గా ఏ నిమిషంలో అవసరపడుతుందో, అది కొరవడినప్పుడు పనిలో ఏది చెడుతుందో విడమరిచి చూపే కేసులు తెలుగులో నాకు అరుదుగానే కనబడ్డాయి. ఇక్కడ ఆ నిమిషం స్పష్టంగా దొరికింది కాబట్టి ఈ కేసును ఎంచుకున్నాను.

ఫిర్యాదు

ఆమెను నా దగ్గరికి పంపింది గాజువాకలోని వాళ్ల కుటుంబ వైద్యులు. గుండెదడ, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, ఆకలి మందగించడం అనే ఇబ్బందులతో ఆయన దగ్గరికి వెళ్తే, ఈసీజీలోనూ థైరాయిడ్, రక్త పరీక్షల్లోనూ చెప్పుకోదగ్గ లోపమేదీ కనబడలేదు. "మరి ఉద్యోగం ఎలా ఉందమ్మా?" అని ఆయన అడిగేసరికి ఆమెకు దుఃఖం ఆగలేదు. గాజువాకలోనే కౌన్సెలర్లు ఉన్నా, తెలిసినవాళ్ల కంట పడకుండా ఉండేందుకు ఎన్‌ఏడీ జంక్షన్ రద్దీ దాటుకుని ఊరి ఇవతల ఎంవీపీ కాలనీ దాకా శనివారం సాయంత్రాలు వచ్చేవారు. సొంత ఖర్చుతోనే వచ్చారు, ఈ సంగతి హెచ్‌ఆర్‌కు తెలియకూడదని మొట్టమొదటే చెప్పారు. ఆమె సంస్థతో నేను ఏ దశలోనూ మాట్లాడలేదు, కనుక పనితీరు గురించి కింద రాసినదంతా ఆమె చెప్పినదే.

"పని మీద నాకు శ్రద్ధ పోయింది మేడమ్, అది మళ్లీ వచ్చే మార్గం ఏదైనా చెప్పండి" అన్నది ఆమె కోరిక. ఆ తరువాత ఆమె వివరించిన దినచర్యలో మాత్రం శ్రద్ధ పోయిన జాడ ఎక్కడా లేదు. బ్యాలెన్స్ (తూకం యంత్రం) నుంచి వచ్చిన ప్రింటులోని అంకెలను నోట్‌బుక్‌లోని అంకెలతో నాలుగైదుసార్లు పోల్చుకునేవారు. ఒకే లెక్కను చేత్తో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి, నమ్మకం చాలక మళ్లీ చేత్తో చేసేవారు. సాయంత్రం కంపెనీ బస్సు తప్పిపోతే ఎవరి బండి వెనకో కూర్చుని లంకెలపాలెం జంక్షన్ చేరి, అక్కడి నుంచి ఆటోలో ఇల్లు చేరేవారు. రాత్రి పది దాటాక నైట్ షిఫ్ట్‌లో ఉన్న జూనియర్‌కు ఫోన్ చేసి, "నా పేజీ కింద సంతకం ఉందో లేదో ఒక్కసారి చూడమ్మా" అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇంత చేసినా ఆమె బల్ల మీద నమూనాలు పేరుకుపోతూనే ఉన్నాయి, సెక్షన్ హెడ్ ఉదయం సమావేశంలో ఆ మాట అందరి ముందూ అన్నారు. దానికి ఆమె కనుక్కున్న పరిష్కారం తనను తాను మరింత గట్టిగా మందలించుకోవడం.

ఓఓఎస్ వచ్చిన మధ్యాహ్నం

ఈ స్థితికి మూలమైన సంఘటన అర్థం కావాలంటే ల్యాబ్ పని గురించి కొంత తెలియాలి. ఒక మాత్రలో ఉండవలసిన మందు ఉండవలసినంత ఉందో లేదో చూసే పరీక్షను అస్సే అంటారు. మాత్రలను పొడి చేసి, తూచి, ద్రావణంలో కరిగించి, పలచన చేసి, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి పంపితే, కంప్యూటర్ తెర మీద శిఖరంలా ఏర్పడే పీక్ వైశాల్యాన్ని బట్టి శాతం లెక్కిస్తారు. లేబుల్ మీద రాసిన పరిమాణంలో 95 నుంచి 105 శాతం మధ్యనో, 90 నుంచి 110 మధ్యనో ఉండాలని మందును బట్టి హద్దు ఉంటుంది. ఫలితం హద్దు దాటిందంటే ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) వచ్చినట్టు. అప్పుడు బ్యాచ్ ఆగిపోతుంది, దర్యాప్తు మొదలవుతుంది.

ఓఓఎస్ వచ్చినప్పుడు అనలిస్టు ఏం చేయాలన్న దానికి నియమాలు కచ్చితంగా ఉన్నాయి. మంచి ఫలితం వచ్చేదాకా పరీక్షను తిరగదోడుతూ పోవడం చెల్లదని 1993లో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ వ్యాజ్యంలో అమెరికా న్యాయస్థానం తేల్చింది. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2006లో విడుదల చేసి 2022లో సవరించిన మార్గదర్శకం ప్రకారం, హద్దు దాటిన ఫలితాన్ని అనలిస్టు వెంటనే పై అధికారికి చెప్పాలి, పరీక్షకు వాడిన ద్రావణాలను పారబోయకుండా ఉంచాలి. ద్రావణం చేతిలో ఉంటే దాన్ని మళ్లీ యంత్రంలోకి పంపి, మళ్లీ పలచన చేసి చూసి, పొరపాటు ఏ మెట్టులో దొర్లిందో కనిపెట్టవచ్చు. అది లేకపోతే మిగిలేది ఊహే.

ఆ రోజు భోజనం తరువాత ఆమె తెర మీద కనబడిన ఫలితం కింది హద్దుకు కొద్దిగా దిగువన ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. బ్యాచ్ నంబరు నుంచి మొదలుపెట్టి ప్రతి అంకెనూ తిరిగి చూసుకుంటూ కూర్చున్నారు. తూకంలో తప్పా, ద్రావణాన్ని సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కరిగించే పరికరంలో) ఉంచాల్సినంతసేపు ఉంచలేదా అని తనలో తనే తర్కించుకున్నారు. మధ్యలో లేచి, చేతులు ఊరికే ఉండలేక, బల్ల మీద ఉన్న గాజుసామాను కడిగేశారు. కడిగినవాటిలో ఆ పరీక్ష ద్రావణాలున్న ఫ్లాస్కులు కూడా ఉన్నాయన్న స్పృహ ఆమెకు చివరి ఫ్లాస్కు బోర్లించాక గానీ కలగలేదు. సెక్షన్ హెడ్ దగ్గరికి వెళ్లేసరికి సాయంత్రం అయింది. ఫలితం వచ్చిన వేళ కంప్యూటర్ ఆడిట్ ట్రయల్‌లో (వేళలతో సహా తనంతట నమోదయ్యే చిట్టాలో) ఉంది, ఆమె చెప్పిన వేళ రిజిస్టర్‌లో ఉంది. ఆ రెండింటి మధ్య గంటల గురించే ఆ తరువాత అందరూ ప్రశ్నించారు. దర్యాప్తు వారాల తరబడి సాగి, అసలు కారణం తేలకుండానే ముగిసింది. ఆమెకు మెమో ఇచ్చి, రీట్రైనింగ్‌కు పంపారు.

సంస్థ దృష్టిలో ఇది నిబంధన ఉల్లంఘన, అందులో వాదించడానికి ఏమీ లేదు. నా దృష్టి మాత్రం ఫలితం కనబడిన క్షణానికీ ఫ్లాస్కులు కడగడానికీ మధ్య గడిచిన కాలం మీద నిలిచింది. ఏ పని ఎలా చేయాలో నిర్దేశించే ఎస్‌వోపీ ఆమెకు కంఠతా వచ్చు, కొత్తగా చేరినవాళ్లకు దాన్ని బోధించేది కూడా ఆమే. కాబట్టి లోపం తెలియకపోవడంలో లేదు. ఆ పది నిమిషాల్లో మనసులో వినబడిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసి తీసుకురమ్మన్నప్పుడు ఆమె తెచ్చిన కాగితంలో "చేతకానిదానివి", "ఇంతమందిలో నీకే ఎందుకొస్తుంది", "పదేళ్ల అనుభవం ఎందుకు తగలబెట్టడానికా" లాంటి వాక్యాలు పేజీ నిండా ఉన్నాయి. అందులో పరీక్ష గురించిన వాక్యం ఒక్కటీ లేదు. దృష్టి అంతా ద్రావణం మీంచి, యంత్రం మీంచి జారిపోయి, తనెంత పనికిమాలినదో నిరూపించడానికి వెళ్లిపోయింది.

ఇంటి నేపథ్యం

ఆమె పెరిగింది అనకాపల్లిలో. తండ్రి అక్కడి బెల్లం మార్కెట్‌లో ఒక వర్తకుడి దగ్గర గుమస్తా. దిమ్మల లెక్కలో గానీ తూకంలో గానీ తేడా వస్తే ఆ మొత్తం ఆయన జీతంలోంచి కోత పడేది. సీజన్‌లో రాత్రి ఇంటికొచ్చాక కూడా ఆయన చీటీలు ముందేసుకుని మళ్లీ మళ్లీ కూడుతూ ఉండేవారనీ, ఆ సమయంలో పిల్లలెవరూ మాట్లాడకూడదనీ ఆమెకు గుర్తుంది. ఒక ఏడాది పెద్ద కోత పడి, ఆ నెల పాలవాడికి డబ్బు ఇవ్వలేకపోయారు. తప్పు అంటే దిద్దుకోవలసిన విషయంగా కాక, ఇంట్లోవాళ్ల నోటి దగ్గరి ముద్ద పోవడంగా ఆ పిల్ల మనసులో నాటుకుంది. విచిత్రమేమిటంటే ఆమె కూడా తూకాలు వేసే ఉద్యోగంలోకే వచ్చారు. నేను సూచించకుండానే ఆమె ఒక పండగకు వెళ్లినప్పుడు తండ్రిని ఆ రోజుల గురించి అడిగారు. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అని ఆయన మాట మార్చేశారు. అంతకు మించి ఆ వైపు తవ్వడం అవసరమని నాకు అనిపించలేదు.

అంచనా

మొదటి సెషన్లలోనే చనిపోవాలన్న ఆలోచనల గురించి సూటిగా అడిగాను. లేవన్నారు. అవసరపడితే ఏ వేళనైనా చేయగల ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి ఇచ్చాను, నిద్ర ఇంకా చెడితే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సైకియాట్రిస్టును కలవాలని కూడా ముందే మాట్లాడుకున్నాం. ఆ అవసరం రాలేదు. పదేపదే సరిచూసుకోవడం ఉంది కాబట్టి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ గురించి ఆలోచించాను. కానీ ఆ అలవాటు మెమో తరువాతే మొదలైంది, ల్యాబ్ పనికే పరిమితమైంది, ఇంట్లో గ్యాస్ స్టవ్ గానీ తాళం గానీ ఆమెను ఎన్నడూ వేధించలేదు. దిగులు ఉంది గానీ, కూతురి స్కూలు విషయాల్లోనూ చెల్లెలి పెళ్లి పనుల్లోనూ ఆమె ఉత్సాహం చెక్కుచెదరలేదు. దీన్ని పనికి సంబంధించిన ఆందోళనగా, దాన్ని రోజూ మేపుతున్నది కఠినమైన ఆత్మవిమర్శగా భావించి ముందుకు సాగాను.

మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ప్రతిపాదించిన నమూనాలో స్వీయ కరుణకు మూడు పార్శ్వాలున్నాయి. బాధలో ఉన్నప్పుడు తనతో తాను కఠినంగా కాక ఆదరంగా ఉండటం ఒకటి, తప్పులూ లోపాలూ మనుషులందరికీ ఉండేవేనని గుర్తించి ఒంటరినైపోయానన్న భావనలో పడకపోవడం రెండు, బాధలో కొట్టుకుపోకుండా, దాన్ని అణచకుండా ఉన్నదున్నట్టు గమనించగలగడం మూడు. నెఫ్ రూపొందించిన 26 అంశాల మాపకానికి 2011లో 12 అంశాల పొట్టి రూపం వచ్చింది. నేను దానిలోని అంశాలను తెలుగులో ఒక్కొక్కటిగా చదివి, మార్కుల కోసం కాక సంభాషణకు ఆధారంగా వాడుకున్నాను. మూడింటిలో రెండో పార్శ్వంలోనే ఈమె ఎక్కువగా వెనకబడి ఉన్నారన్నది ఆ సంభాషణలో బయటపడింది. తోటివాళ్లు తప్పులు చేస్తారన్న సంగతే ఆమెకు నమ్మశక్యంగా లేదు.

ప్రేరణ విషయం ఇంకా ఆసక్తికరం. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల సిద్ధాంతం ప్రకారం మనిషిని కదిలించే శక్తులన్నీ ఒక జాతివి కావు. పనిలో ఉన్న ఆసక్తి కదిలించవచ్చు, ఆ పని విలువ మీద నమ్మకం కదిలించవచ్చు, బయటి నుంచి వచ్చే బహుమతీ శిక్షా కదిలించవచ్చు. వీటి మధ్య ఇంకొకటి ఉంది: బయటి శిక్షను లోపలికి తెచ్చుకుని, సిగ్గు పడాల్సి వస్తుందన్న భయంతో తనను తాను తోసుకోవడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు క్రొమటోగ్రఫీ (హెచ్‌పీఎల్‌సీతో చేసే విశ్లేషణ) అంటే ఇష్టం. కలిసిపోయిన రెండు పీక్‌లను మొబైల్ ఫేజ్ (యంత్రంలో ప్రవహించే ద్రవం) మార్చి విడదీయగలిగిన రోజు ఇంటికి వెళ్లి భర్తకు బొమ్మ గీసి చూపించారట. ఇప్పుడు ఆమె ల్యాబ్‌లోకి అడుగుపెట్టేటప్పుడు ఉన్నది ఒకే కోరిక, ఈ రోజు ఏమీ తప్పు జరగకుండా గడవాలి. నెఫ్, ఇద్దరు సహ పరిశోధకులు 2005లో విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, స్వీయ కరుణ ఎక్కువగా ఉన్నవాళ్లు విషయాన్ని నేర్చుకోవాలన్న లక్ష్యం వైపు మొగ్గుతారనీ, ఇతరుల ముందు తక్కువ కాకూడదన్న లక్ష్యం వాళ్లలో తక్కువనీ, ఓటమి భయం తగ్గడం అందుకు ఒక కారణమనీ తేలింది. ఈమెలో ఆ మొగ్గు ఎదురు దిశలో తిరిగిపోయింది. "శ్రద్ధ పోయింది" అని ఆమె అన్నది ఈ ఇష్టం గురించేనని నా అభిప్రాయం.

చికిత్సలో తొలి అడ్డంకి

స్వీయ కరుణ అన్న మాట ఎత్తగానే ఈ ఊళ్లో ఉద్యోగస్తులు దాదాపు అందరూ లేవనెత్తే అభ్యంతరాన్నే ఆమె కూడా లేవనెత్తారు. "నన్ను నేను తిట్టుకోకపోతే అజాగ్రత్త పడిపోతాను మేడమ్. తిట్టుకుంటూ ఉంటేనే ఈ మాత్రమైనా నడుస్తోంది." ఈ అభ్యంతరాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. అది ఆ మనిషి తన బాధ్యత మీద పెట్టుకున్న గౌరవం నుంచి పుడుతుంది. ఓదార్పు మాటలతో దాన్ని కప్పేయాలని చూస్తే చికిత్స అక్కడే ఆగిపోతుంది.

పరిశోధకులు జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాన్ని ఆమెకు వివరించాను. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం విద్యార్థులకు కష్టమైన పదజాల పరీక్ష పెట్టి, అది సరిగ్గా రాయలేకపోయిన తరువాత వాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ పరీక్ష చాలామందికి కష్టమేనని, తమను తాము మరీ నిందించుకోవద్దని చెప్పారు. ఇంకొక జట్టుకు ఇంత పేరున్న చోట సీటు వచ్చిందంటే తెలివైనవాళ్లే అయి ఉంటారని చెప్పారు. మూడో జట్టుకు ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ముందు ఎంతసేపైనా చదువుకోవచ్చని వదిలేస్తే, ఎక్కువసేపు చదివింది మొదటి జట్టు. ఆమె శ్రద్ధగా విని, "వాళ్లకేం మేడమ్, అక్కడ బ్యాచ్ ఆగదు కదా" అన్నారు. సరైన మాటే. కాబట్టి ప్రయోగాన్ని ఆమె బల్ల మీదే చేయాలని నిశ్చయించుకున్నాం.

ఈ చోట ఒక హెచ్చరిక చెప్పాలి. మందుల తయారీలో కొన్ని తనిఖీలు చట్టబద్ధమైనవి, వాటిని తగ్గించమని సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. అందుకని ముందుగా ఎస్‌వోపీ కోరే తనిఖీలేవో, ఆమె భయం కోరేవి ఏవో రెండు వరుసల్లో రాయమన్నాను. ప్రతి పరీక్షనూ మరొక అనలిస్టు చూసి సంతకం చేయడం ఎలాగూ ఉంటుంది. ఆమె చేస్తున్న మూడో లెక్క, నాలుగో పోలిక, రాత్రి ఫోన్ ఏ ఎస్‌వోపీలోనూ లేవు. రెండో వరుసలోని వాటిని కొన్ని పరీక్షలకు మానేస్తే రివ్యూలో దొరికే తప్పులు పెరుగుతాయని ఆమె ముందుగానే జోస్యం రాసి పెట్టారు. కొన్ని వారాలు చూశాక అవి పెరగలేదు. ఒక్కొక్క పరీక్షకు పట్టే సమయం తగ్గింది. రివ్యూలో వచ్చిన వ్యాఖ్యల్లో కొన్ని తొందరపాటువి కావు, అలసటవి అని ఆమె తనంతట తాను గమనించారు. సాయంత్రం ఆరు దాటాక రాసిన పేజీల్లోనే కొట్టివేతలు ఎక్కువగా ఉన్నాయి.

కొత్త ట్రైనీకి రాసిన ఉత్తరం

తనతో తాను దయగా మాట్లాడటం ఆమెకు చేతకాలేదు. గుండె మీద చేయి వేసుకుని కళ్లు మూసుకునే అభ్యాసం చేయించినప్పుడు మొదట కన్నీళ్లు వచ్చాయి, వెంటనే కోపం వచ్చింది, "ఇది నాటకంలా ఉంది" అని ఆపేశారు. ఇన్నాళ్లూ బిగబట్టినది ఒక్కసారిగా పైకి తన్నుకురావడం ఈ అభ్యాసాల్లో తరచుగా జరిగేదే, బలవంతం చేస్తే మనిషి దూరమవుతారు. దాన్ని వదిలేసి, బ్యాలెన్స్ తలుపు తెరిచే ముందు బూట్ల లోపల పాదాలు నేలకు ఆనుతున్న స్పర్శను కొద్ది క్షణాలు గమనించడం నేర్పాను. చేతులకు గ్లవ్స్, కళ్లకు గాగుల్స్ ఉన్న మనిషి పదిమంది మధ్య చేయగలిగింది అదే. నెఫ్, క్రిస్టఫర్ గెర్మర్ రూపొందించిన ఎనిమిది వారాల శిక్షణను నేను యథాతథంగా నడపలేదు, ఆమె పనిచోటుకు సరిపడేవి మాత్రమే ఏరుకున్నాను.

అసలు తాళంచెవి ఉత్తరంలో దొరికింది. మీ దగ్గర శిక్షణ పొందుతున్న అమ్మాయికి ఓఓఎస్ వచ్చి, వణుకుతూ మీ దగ్గరికి వస్తే ఆమెకు ఏం చెబుతారో రాయమన్నాను. ఇలాంటి ఉత్తరాల్లో సాధారణంగా ఓదార్పు వాక్యాలు వస్తాయి. ఈమె రాసింది ఇది: "ముందు ఫ్లాస్కులు ముట్టుకోకు. స్టాక్ సొల్యూషన్ మీద లేబుల్ అంటించి పక్కన పెట్టు. వయల్స్ ట్రేలోనే ఉండనీ. ఇప్పుడే సర్ దగ్గరికి వెళ్దాం, నేను కూడా వస్తాను. ఏం జరిగిందో తరువాత చూసుకుందాం." మొదట దీన్ని చదివి, ఇందులో కరుణ ఏముంది, అంతా ఎస్‌వోపీయే కదా అని ఆమె నవ్వారు. నాకు మాత్రం అందులో కరుణ పూర్తిగా కనబడింది. ఎదుటి మనిషి భయపడుతున్నదని గుర్తించడం, ఆమెను ఒంటరిగా వదలకపోవడం, తీర్పును వాయిదా వేసి ఇప్పుడు చేయవలసిన పని చేతికందించడం, ఈ మూడూ ఆ అయిదు వాక్యాల్లో ఉన్నాయి. ఆ ఉత్తరంలో సంబోధన మార్చి, తన పేరు పెట్టుకుని, గట్టిగా చదవడం సాధన చేశారు. "నేను కూడా వస్తాను" దగ్గర గొంతు పట్టేసేది. ఆ వాక్యాన్ని తీసేద్దామా అని అడిగితే వద్దన్నారు.

తనొక్కతే తప్పులు చేస్తుందన్న నమ్మకాన్ని కదిలించడానికి నా మాటలకంటే ఆమె ల్యాబ్‌లోని ట్రెండ్ చార్టే ఎక్కువ పనిచేసింది. మూడు నెలలకోసారి ల్యాబ్‌లో జరిగిన పొరపాట్లను వర్గాలుగా విడదీసి పట్టిక తయారుచేస్తారు. ఆమె ఏళ్లుగా దాన్ని చూస్తున్నారు, సంతకం కూడా పెడుతున్నారు. అందులోని ప్రతి గీత వెనకా ఒక మనిషి ఉన్నాడన్న ఎరుకతో మాత్రం ఎప్పుడూ చూడలేదు. దీనితోపాటు పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన ఆసుపత్రి అధ్యయనం సంగతి చెప్పాను: నర్సుల జట్లలో మంచి నాయకత్వం ఉన్న చోటే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి, ఆ జట్లు చెప్పడానికి భయపడవు కాబట్టి. దీని మీద ఆమె చాలాసేపు తన సెక్షన్ గురించి మాట్లాడారు. ఎవరు ఎప్పుడు ఏది దాచారో అందరికీ తెలుసనీ, ఎవరూ అనరనీ చెప్పారు.

రెండో ఓఓఎస్

మేము కలుస్తున్న కాలంలోనే ఇంకొక ఉత్పత్తి అస్సేలో ఆమెకు మళ్లీ ఫలితం హద్దు దిగువకు వచ్చింది. "గుండె జారిపోయింది మేడమ్, తిట్లు కూడా మొదలయ్యాయి" అని ఆమె నిజాయితీగా చెప్పారు. తిట్లు వినబడటం ఆగలేదు, కానీ ఈసారి వాటి పక్కన ఉత్తరంలోని మొదటి వాక్యం కూడా వినబడింది. కుర్చీ వెనక్కి జరిపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పాదాలు నేలకు ఆనించి, లేచి లేబుళ్లు అంటించారు. కొద్ది నిమిషాల్లో సెక్షన్ హెడ్ ముందు ఉన్నారు. ఏం చెప్పాలో మేము ముందే సాధన చేసి ఉన్నాం: "సర్, ఓఓఎస్ వచ్చింది. సొల్యూషన్లన్నీ ఉన్నాయి. కారణం ఇంకా తెలియదు." క్షమించండి అన్న మాట కావాలనే అందులో పెట్టుకోలేదు, ఎందుకంటే అప్పటికి ఎవరి తప్పో తెలియదు.

ఉంచిన స్టాక్ సొల్యూషన్‌ను (పలచన చేయకముందున్న ద్రావణాన్ని) మళ్లీ పలచన చేసి చూస్తే ఫలితం హద్దుల్లోకి వచ్చింది. అంటే పొరపాటు పలచన మెట్టులో, పిపెట్‌తో తీసిన పరిమాణంలో జరిగింది. అది ఆమె చేతిలో జరిగినదే. కారణం నిర్ధారణ అయింది కాబట్టి మొదటి ఫలితాన్ని నిబంధనల ప్రకారం రద్దు చేసి, పరీక్ష మళ్లీ చేశారు, దర్యాప్తు త్వరగా ముగిసింది. ఈ కేసులో నేను అన్నింటికంటే విలువైనదిగా భావించేది ఈ భాగాన్నే. ఆమె కుదుటపడింది తప్పు తనది కాదని తేలడం వల్ల కాదు. తప్పు తనదేనని తేలినా, దాన్ని రాసి సంతకం పెట్టి ఆరు గంటల బస్సు ఎక్కగలిగారు. రాత్రి ఫోన్ చేయాలనిపించింది గానీ చేయలేదు.

పనితీరు, జీతం, పనిభారం

నాలుగైదు నెలల తరువాత ఆమె బల్ల మీద నమూనాల బకాయి మామూలు స్థాయికి వచ్చింది, నిద్ర మెరుగైంది, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత తిరిగి అప్పగించారు. వార్షిక అప్రైజల్‌లో మాత్రం మెమో కారణంగా సగటు రేటింగే వచ్చింది, ఇంక్రిమెంట్ తగ్గింది. దానికి ఆమె రెండు రోజులు కుమిలిపోయారు. అది సహజమే, తగ్గింది నిజమైన డబ్బు.

ఇంకొక విషయాన్ని ఆమె మనసులోని లోపంగా నేను చూడనివ్వలేదు. ఆ ఏడాది సెక్షన్‌లో ఇద్దరు మానేస్తే వాళ్ల స్థానాలు భర్తీ కాలేదు, మిగిలినవాళ్ల మీద పని పడింది. సాయంత్రం ఆరు దాటాక రాసిన పేజీల్లో కొట్టివేతలు పెరగడానికి ఆమె మనసు కారణం కాదు. పైన చెప్పిన అమెరికా మార్గదర్శకం కూడా, ల్యాబ్ పొరపాట్లు తరచుగా జరుగుతున్నాయంటే శిక్షణ లోపమో, పరికరాల నిర్వహణ లోపమో, అజాగ్రత్తో ఉండవచ్చని అంటుంది, అంటే ముందే వ్యక్తిని వేలెత్తి చూపదు. పనిభారం గురించి ఆమె సెక్షన్ హెడ్‌కు మెయిల్ రాశారు, దాని ముసాయిదాను ఇద్దరం కలిసి చూశాం. కొంత పని వేరే షిఫ్ట్‌కు మారింది, ఖాళీలు అలాగే ఉన్నాయి.

బీచ్ రోడ్ హోటళ్లలో వారాంతాల్లో జరిగే ఒత్తిడి నివారణ ఉపన్యాసాలకు నన్ను కూడా పిలుస్తూ ఉంటారు. స్వీయ కరుణ మీద రెండు గంటలు మాట్లాడమంటారు. మీ సంస్థలో ఒక ఉద్యోగి తన తప్పు తనే వచ్చి చెబితే మొదటి ప్రశ్న ఏది, "ఏం జరిగింది" అనా, "ఎవరు చేశారు" అనా అని నేను ముందు అడుగుతాను. రెండోదైతే ఆ ఉపన్యాసం వల్ల ఒరిగేది తక్కువ. తన మీద తాను దయ చూపుకున్న ఉద్యోగి నిజం చెప్పడానికి వెళ్లి, అక్కడ దెబ్బ తింటే, మరుసటిసారి ఫ్లాస్కులు మళ్లీ సింకులోకే వెళ్తాయి.

పరిశోధన విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఉద్యోగుల స్వీయ కరుణకూ పనితీరుకూ ముడిపెట్టిన అధ్యయనాల్లో చాలా భాగం ఒకే సమయంలో నింపిన ప్రశ్నావళుల మీద ఆధారపడినవి, పనితీరును కూడా ఉద్యోగులే చెప్పుకున్నవి. నెఫ్ మాపకంలో ఆత్మనింద, ఒంటరితనం వంటి ప్రతికూల అంశాలను కూడా కలిపి లెక్కించడం వల్ల మానసిక రుగ్మతలతో దానికి కనబడే సంబంధం ఉన్నదానికంటే బలంగా తేలుతోందని పీటర్ మ్యూరిస్, నికోలా పెట్రోచ్చి 2017లో ఆక్షేపించారు. ఈ కేసులోనూ మారినది ఏమిటన్నది నిక్కచ్చిగా విడదీయలేను. కరుణ పెరిగిందా, నింద పట్టు సడలిందా, లేక ఒక మంచి క్రమాన్ని సాధన చేయడం వల్లనే పని జరిగిందా? నా మొగ్గు రెండోదాని వైపు. తిట్లు తగ్గకపోయినా వాటికి విధేయత తగ్గిందన్నది ఆమె చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది.

ప్రస్తుతం ఆమె అదే ల్యాబ్‌లో ఉన్నారు. విదేశీ తనిఖీ బృందం రాబోతోందన్న కబురు వచ్చినప్పుడల్లా పాత పేజీలను తిరగేయడం, నిద్ర చెదరడం మళ్లీ తలెత్తుతున్నాయి. అది పూర్తిగా పోతుందని నేను ఆమెకు చెప్పలేదు. తనిఖీ తేదీ ఖరారైతే దానికి పక్షం రోజుల ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి కలవాలని అనుకున్నాం, ఈలోగా వేరే సెషన్లేవీ పెట్టుకోలేదు.